కుడి మోకాలు

ఖాజాగూడ,
12 జనవరి 2025

అఖిలా, బిడ్డా,

కవర్ మీద నా అక్షరాలు చూసి బెదరకు. ఇంట్ల అందరం మంచిగనే ఉన్నం. మీ అమ్మ ఇప్పుడే మాదాపూర్ హాస్టల్ల వంట ముగించుకొని వచ్చి, నా ఎదురుంగ కూసొని చాయ్ తాగుతున్నది. "ఏం రాస్తున్నవురా శంకర్" అని రెండుసార్లు అడిగింది. జవాబు చెప్పెతందుకు నాకు మాట బంద్.

గొంతు సంగతి పెద్దదేం కాదు. జర రాసుకపోయింది. కొన్ని దినాలు నోరు తెరవొద్దన్నడు డాక్టర్. గుసగుసలు గూడ వద్దట. "ఏం పని చేస్తవు నువ్వు?" అని అడిగిండు. ఆఫీసు బస్సు డ్రైవర్ను, రాయదుర్గం మెట్రో కాడికెల్లి కోకాపేట టవర్ల దాకా తిప్పుత అని కాయితం మీద రాసి చూపెట్టిన. బస్సు నడిపెటోని గొంతు ఎందుకు పోయిందో ఆయనకు సమజ్ కాలే. మీ అత్త భాగ్యమ్మ మధ్యల సొచ్చి, "మా ఆడబిడ్డ కూతురు ఫుట్‌బాల్ ఆడుతది సార్. ఈయన ఇరవై ఏండ్ల సంది గ్యాలరీల కూసొని ఒర్లుతున్నడు" అన్నది. డాక్టర్ నవ్విండు. నేను నవ్వెతందుకు గూడ లేదు, సప్పుడు వస్తదని.

ఫోన్ల రాద్దామంటే నేను ఒక అక్షరం ఒత్తితే మూడు పడుతయి. నువ్వు స్పోర్ట్స్ హాస్టల్ల ఉన్నప్పుడు కార్డులు రాసెటోన్ని గదా. మళ్ల గట్లనే కూసున్న.

అసలు సంగతికొస్త. నీ కుడి మోకాలు మళ్ల సతాయిస్తున్నదని మీ అమ్మ చెప్పింది. సీజన్ మధ్యల ఆపాల్నా, ఆడాల్నా అని నువ్వు కిందమీద పడుతున్నవట. ఇరవై తొమ్మిదేండ్లకే మనిషి మనసు గట్ల చిన్నగ చేసుకోవద్దు. నాకు మోకాళ్ల చదువు రాదు. కాని నీ ఆట నాకు తెలిసినంత ఇంకెవ్వలకు తెల్వదు. అందుకే నీ ఆటంత మొదటి సంది రాద్దామనుకుంటున్న. పానం సిన్నబోయినప్పుడు తీసి చదువుకో.

ఇప్పుడు మన చెరువు ఒడ్డు మీదికెల్లి చూస్తే అన్నీ అద్దాల బిల్డింగులే. గప్పుడు గా రాతిగుండ్ల కింద ఖాళీ జాగ ఉండె. బడి ఇడిసినంక సురేష్ సార్ పిలగాండ్లను జమచేసి ఆట నేర్పెటోడు. నీకు తొమ్మిదేండ్లు. నిన్ను ఆటల చేర్చుకోలే. బాల్ చెరువు గడ్డిలకు పోతే తెచ్చిచ్చే పని పెట్టిన్రు. గా దినం నేను నిన్ను ఇంటికి తోల్కపోను వచ్చిన. నువ్వు మోకాళ్ల మట్టుకు బురదల దిగి బాల్ అందుకున్నవు. చేతితోటి ఇసిరేస్తవనుకున్న. ఒడ్డుకొచ్చి, కింద పెట్టి, ఎడమకాలితోటి తన్నినవు. పిలగాండ్ల నెత్తుల మీదికెల్లి పోయి సురేష్ సార్ స్కూటర్ అద్దానికి తాకింది. అద్దం భళ్లుమన్నది. నువ్వు ఏడుపు మొకం పెట్టినవు. సార్ మాత్రం అద్దం దిక్కు చూడనే లేదు. "ఎవరు కొట్టిన్రు గది?" అన్నడు.

"మా అఖిల సార్!" అని ఒర్లిన. నా ఒర్లుడు గా దినం సంది మొదలైంది.

మీ నాయిన సెక్యూరిటీ డ్యూటీ ఇడిసి రాలేడు, మీ అమ్మకు వంటలు. సెలక్షన్లకు, క్యాంపులకు నిన్ను తోల్కపోయెతందుకు నేను దొరికిన. నా జన్మల బాల్‌ను సక్కగ తన్నింది లేదు. ఒకసారి తన్నవోతే చెప్పు ఎగిరి పోయింది, బాల్ ఆడ్నే ఉన్నది. గసొంటోన్ని, ఆఫ్‌సైడ్ అంటే ఏందో మూడేండ్లకు నేర్చుకున్న.

మిగిలింది మళ్ల రాస్త. ధైర్యంగ ఉండు. ఈ సీజన్ అయిపోకముందు ఒక్కసారన్న వచ్చి నిన్ను గ్రౌండ్ల చూడాలె. ఇప్పుడు నా మనసుల గదొక్కటే ఉన్నది.

నీ గ్యాలరీ మామ,
శివశంకర్


కోజికోడ్,
21 జనవరి 2025

మామా,

ఉత్తరం వచ్చిందని వాచ్‌మన్ చెప్తే మా ఫ్లాట్ల ఉండే జట్టు పిల్లలందరు కిందికి ఉరికిన్రు. వాళ్లల్ల కొందరు జన్మల ఉత్తరం అందుకోలేదట. నాతోటి ఒకే రూంల ఉండే నీహారిక మన ఆదిలాబాద్ పిల్ల. పందొమ్మిదేండ్లు, నా జాగల ఆడే స్ట్రైకర్. నీ ఉత్తరం తనే పైకి చదివింది. చెప్పు ఎగిరిన కాడ పొట్ట పట్టుకొని నవ్వింది. ఇప్పుడు జట్టంత నిన్ను "గ్యాలరీ మామ" అనే అంటున్నరు.

ఒకటి దిద్దుకో. పగిలింది స్కూటర్ అద్దం కాదు, ముందటి లైటు. నాకు మంచిగ యాదికున్నది. నెల దినాలు సార్‌ను చూస్తే దాక్కున్న.

మోకాలికి ఏం కాలే. అమ్మ చిన్నదాన్ని పెద్దగ చేసి చెప్తది. పోయిన మ్యాచ్‌ల ఆఖరి పది నిమిషాలు ఆడిన. కోచ్ నన్ను జర చూసుకుంట వాడుతున్నరు, గంతే. ఇక్కడ ఉమాశ్రీ అని డాక్టరమ్మ ఉన్నది, విశాఖపట్నం ఆమె. రోజు మోకాలికి ఐస్ పెట్టి, "ఏమండీ స్ట్రైకర్ గారూ, ఈ కాలు మీదేనా, అద్దెకి తెచ్చారా" అంటది.

నీ గొంతు మీద నాకు అనుమానంగ ఉన్నది. రాసుకపోతే ఇన్ని దినాలు మాట బంద్ చేస్తరా? ఉప్పునీళ్లు పుక్కిలియ్యి. చల్లటివి తాగకు.

మిగిలిన కథ గూడ రాయి మామా. నీహారిక అడుగుతున్నది. నాకు గూడ ఇనాలని ఉన్నది. ఎప్పుడో ఎవ్వలదో ఆట లెక్క అనిపిస్తున్నది.

అఖిల


ఖాజాగూడ,
1 ఫిబ్రవరి 2025

బిడ్డా,

లైటు కాదు, అద్దమే. సురేష్ సార్‌ను అడుగుదామని పోయిన. కాయితం మీద రాసి అడిగితే, "రెండూ పగిలినయి శంకర్" అన్నడు. అక్కడికి ఒడిసింది.

నా మాట ఇంక బందే ఉన్నది. బస్సుల నాకు ఒక పలక ఇచ్చిన్రు. "లోపలికి జరగండి", "డోర్ కాడ నిలబడకుండ్రి" అని రాసి చూపెడుత. సాఫ్ట్‌వేర్ పిల్లలకు మస్తు నచ్చింది, ఫోటోలు దిగుతున్నరు. మాట్లాడినన్ని దినాలు ఒక్కరు నా దిక్కు చూడలే.

మిగిలిన కథ రాయమన్నవు. "ఎవ్వలదో ఆట లెక్క" అన్న మాట నాకు మంచిగ అనిపియ్యలే. నీదే గది. నీది అని యాది చేసెతందుకే రాస్తున్న.

వరంగల్ మ్యాచ్ చెప్పుత. నీకు పదహారేండ్లు. వాన దంచుతున్నది. గ్రౌండ్ నిండ నీళ్లు, బాల్ ఉరుకుతలేదు, తేలుతున్నది. మొదటి సగంల నిన్ను ఎవ్వరు చూడనే లేదు. రెండో సగంల నువ్వు గోల్ కాసే గోలీ ముందటికి పోయి ఒక్కసారి ఆగినవు. ఇంటి తాళం ఏడ పెట్టిన్నో అని మనిషి నడుస్త నడుస్త ఆగుతడు సూడు, అట్ల. గోలీ పిల్ల ఆగలేక ఒకదిక్కు పడ్డది. నువ్వు ఇంకోదిక్కు మెల్లగ జరిపినవు. గదే పని మూడుసార్లు చేసినవు, గా పిల్ల మూడుసార్లు పడ్డది. మ్యాచ్ అయినంక నువ్వు పోయి ఆమెను లేపి, మొకం మీది బురద తుడిచినవు. నాకు గోల్స్ కంటె గదే ఎక్కువ యాది.

ఇగ కటక్. సెమీఫైనల్ల పెనాల్టీ పైకి కొట్టినవు. బాల్ కరెంటు తీగల మీదికెల్లి పోయింది. వాపసు వచ్చేటప్పుడు రైల్ల కిటికీ దిక్కు తిరిగి కూసున్నవు, ఒక్క మాట లేదు. విజయవాడ దాటినంక, "మామా, ఆకలైతున్నది" అన్నవు. నా పానం లేచొచ్చింది. ప్లాట్‌ఫారం మీదికి ఉరికి దొరికినయన్నీ కొన్న.

నువ్వు దేశం జట్టుల ఆడిన నాడు నాకు డ్యూటీ పడ్డది. మాదాపూర్‌ల బస్సు పార్కింగ్‌ల ఫోన్‌ను స్టీరింగ్‌కు ఆనిచ్చి పెట్టిన. డ్రైవర్లందరు నా మీద పడి చూస్తున్నరు. నువ్వు బాల్ అందుకొని ఉరుకుతున్నవు, బొమ్మ ఆగిపోయింది. నడుమ గుండ్రంగ తిరుగుతనే ఉన్నది. మళ్ల వచ్చేవరకు పిల్లలందరు నీ మీద పడి కావలిచ్చుకుంటున్నరు. గోల్ నేను చూడనే లేదు. అయినా ఒర్లిన. ఎవరికన్న కరెంటు కొట్టిందేమో అని సెక్యూరిటోల్లు ఉరికొచ్చిన్రు.

తర్వాత బెంగళూరు సంగతి. గది రాయను, నీకు ఎర్కనే. మోకాలు ఆపరేషనైంది, ఏడాది ఇంట్ల ఉన్నవు, లేచినవు, మళ్ల గోల్ కొట్టినవు. నువ్వంటే గది. ఇప్పుడు గూడ లేస్తవు. నాకు తెల్సు.

ఇక్కడ మామూలే. రిపోర్టు వచ్చెదాక నోరు తెరవొద్దంటున్నరు, చూడాలె ఏం వస్తదో. మీ అత్త కనిపించిన దేవునికల్ల మొక్కుతున్నది. ఒక్కసారి నిన్ను గ్రౌండ్ల చూస్తే చాలు నాకు.

మీ మామ,
శివశంకర్


కోజికోడ్,
9 ఫిబ్రవరి 2025

మామా,

రిపోర్టు ఏంది?

ఉత్తరంల గా ఒక్క ముక్క చదివి అమ్మకు ఫోన్ చేసిన. మొదలు ఏం లేదన్నది. తర్వాత ఏడ్చింది. నీ గొంతుల గడ్డ ఉంటే దవాఖానల కోసిన్రట. ముక్క పరీక్షకు పోయిందట. మొదటి రిపోర్టు సక్కగ తేలలేదని ఇంకో కాడికి పంపిన్రట. అఖిలకు చెప్పొద్దని అమ్మతోటి ఒట్టు పెట్టిచ్చుకున్నవట. నాకేమో "రాసుకపోయింది" అని రాసినవు. నేను ఉప్పునీళ్లు పుక్కిలియ్యమన్న!

నీకు ఫోన్ చేసి తిడుదామంటే నువ్వు మాట్లాడొద్దు. అత్త ఎత్తి, "మామ బాత్రూంల ఉన్నడు" అన్నది. రెండుసార్లు చేస్తే రెండుసార్లు బాత్రూమే.

ఇప్పుడు నీ ఉత్తరాలు మళ్ల చదివిన. ఒక్కసారి చూస్తే చాలు అని ఎందుకు రాసినవో ఇప్పుడు సమజైంది. నా ఆటంత మొదటి సంది ఎందుకు రాస్తున్నవో గూడ సమజైంది. మనుషులు గట్లెప్పుడు రాస్తరో నాకు తెల్వదా?

ఇను. ఫైనల్ ఈ నెల ఇరవై రెండు తారీఖు, ఇక్కడనే. నేను ఆడుత. మొదటి సంది ఆడుత. నీకు అబద్ధం చెప్పిన, మోకాలు బాగలేదు. మెట్లు దిగుతుంటే లోపల ఏదో జారినట్టైతది. సూది ఒకటి ఉన్నది, ఏసుకుంటే తొంభై నిమిషాలు నొప్పి తెల్వదు. ఉమాశ్రీ డాక్టరమ్మ వద్దంటున్నది. నొప్పి తెల్వకపోతే ఎక్కడ ఆగాల్నో గూడ తెల్వదు, తర్వాత నడకే కష్టమైతదని కోపం చేసింది. మేనేజర్ సార్ నీ ఇష్టం అన్నడు. నేను ఏసుకుంట అన్న.

నువ్వు అత్తను తోల్కొని రా. ముందటి వరుసల కూసో. ఒర్లకు, ఊకె చూడు. నీ కోసం ఒక గోల్ కొడుత. మోకాలు తర్వాత ఏమైతే గదే అయితది. నువ్వు ఇరవై ఏండ్లు నాకోసం కూసున్నవు. నేను ఒక్క దినం నిలబడలేనా?

రాను అనకు.

అఖిల


ఖాజాగూడ,
14 ఫిబ్రవరి 2025

అఖిలా,

ఈ ఉత్తరం పోస్టుల వేస్తున్న, ఫోటోలు తీసి నీ ఫోన్‌కు గూడ పంపుతున్న. మొదలు ఏది అందితే గదే చదువు. రెండూ చదవకున్నా మంచిదే గని, ఒకటన్న పూర్తిగ చదువు.

రిపోర్టు వచ్చింది. ఏం లేదు బిడ్డా. ఉత్త గడ్డ. ఒర్లి ఒర్లి కాయ కాసిందట, చెప్పు కరిచిన కాడ కాసినట్టు. నిన్న పొద్దుగాల డాక్టర్ కాయితం చూసి, "పోండి, ఇంటికి పోయి అన్నం తినండి" అన్నడు. మీ అత్తకు నమ్మకం కుదరలే. "ఇంకోసారి చదువుండ్రి సార్" అన్నది. ఆయన మళ్ల చదివి ఇనిపిచ్చిండు. బయటికొచ్చి మెట్ల మీద కూసొని ఏడ్చింది. తర్వాత ఎదురుంగ ఉన్న హోటల్ల రెండు దోశలు తిన్నది. పెండ్లైనప్పటి సంది ఆమె బయట రెండు దోశలు తినుడు నేను చూడలే. వచ్చే వారం సంది మెల్లగ మాట్లాడొచ్చట.

నీకు ఎందుకు చెప్పలేదంటే, ఆటల ఉన్న మనిషిని పరేషాన్ చెయ్యొద్దనుకున్న. గంతే. దాసిపెట్టినందుకు ఎంత తిడుతవో తిట్టు. కాని నువ్వు చదివినట్టు నేను రాయలే. "ఒక్కసారి చూడాలె" అన్నది సావుబతుకుల మాట కాదు. నీకు ఆడాలని ఉన్నది, ధైర్యం సరిపోతలేదు, మామ అడిగితే లేస్తవు అనుకొని రాసిన. కథంత రాసింది గూడ గందుకే.

ఇప్పుడు నా మనసుల ఉన్నది రాస్త. ఇది మీ అత్తకు తప్ప ఎవ్వలకు తెల్వదు.

బెంగళూరుల నేను గ్యాలరీల ఉన్న. నీ మోకాలు తిరిగినప్పుడు నువ్వు అరిచిన అరుపు నాకు పై వరుస దాక ఇనిపించింది. నిన్ను మంచం లెక్కటి దాని మీద ఏసుకొని పోతుంటే నేను మెట్ల మీద ఉరికి, గేటు కాడ పోలీసాయన కాళ్లు పట్టుకున్న. గా దినం సంది నేను నీ మ్యాచ్ ఒక్కటి గూడ పూర్తిగ చూడలే. నమ్ముతవా? ఫోన్ల వస్తుంటది. బాల్ నీ దగ్గరికి రాంగనే ఫోన్ మీ అత్త చేతిల పెట్టి వాకిట్లకు పోత. ఆడికెల్లి అడుగుత. గోలైందా అని ఎన్నడు అడగలే. "లేచిందా?" అని అడుగుత. ఆమె "లేచింది" అన్నంక లోపలికొస్త. గప్పుడు ఒర్లుత. గా ఒర్లుడంత గోల్ కోసం కాదు బిడ్డా, నువ్వు లేచినందుకు.

మొన్న మోకాలు మళ్ల పోయిందని మీ అమ్మ చెప్పినప్పుడు, ఇగ ఆపుతది అని నాకు లోపల్లోపల సంబరమైంది. ఆట ఆగుతుంటే సంబరపడుడేంది అని నన్ను నేనే తిట్టుకున్న. నువ్వు ఏడుస్తున్నవేమో, నేనిట్ల అనుకునుడు మంచిది కాదని, కలం పట్టుకొని దానికి ఉల్టా రాసిన.

వరంగల్ యాది చేసిన, కటక్ యాది చేసిన. అందరు నీ ఎడమకాలినే చూసిన్రు. నేను గూడ గంతే. ఆ కాలు లేచి తన్నిన ప్రతిసారి నీ బరువంత మోసింది కుడికాలు గదా. దాని సంగతి ఒక్కనాడు రాయలే నేను.

సూది వద్దు. ఫైనల్ వద్దు. నాకోసం అయితే అసలే వద్దు. నీ ఆట నాకు మస్తైంది, కడుపు నిండింది. నేను కోజికోడ్ వస్తలేను. వస్తే నువ్వు ఆడుతవు. నీకోసం నీకే ఆడాలని ఉంటే మాత్రం గది వేరే సంగతి, గప్పుడు నేను అడ్డం రాను. కాని ఎవ్వలకోసమో జర సక్కగ చూసుకో.

రాత సక్కగ లేదు, జర కూడబలుక్కొని చదువు.

మామ


కోజికోడ్,
24 ఫిబ్రవరి 2025

మామా,

ఫోటోలు వచ్చిన దినమే చదివిన. "సరే" అని ఒక్క మాట పెట్టి ఊకున్న, నీకు కోపమొచ్చి ఉంటది. ఎక్కువ రాస్తే మాట తిరిగిపోతదేమో అని భయమైంది. అన్నీ అయినంక రాద్దామనుకున్న. ఇప్పుడు రాస్తున్న.

మొదలు నీ రిపోర్టు. గా ముక్క చదివినంక ఫోన్ మంచం మీద పడేసి నీహారికను పట్టుకొని ఏడ్చిన. గా పిల్ల ఏమో ఏమో అనుకొని తనూ ఏడ్చింది. తర్వాత ఫోన్ తీసి చదివి, "అక్కా, దీంట్ల ఏం లేదనే ఉన్నది గదా!" అని నన్ను నూకింది. ఇద్దరం నవ్వలేక సచ్చినం.

తర్వాత మిగిలింది చదివిన. నాలుగుసార్లు చదివిన.

మామా, నాకు ఆడబుద్ధైతలేదు. ఇప్పుడు కాదు, పోయినేడాది సంది. పొద్దుగాల లేస్తే మొదలు మోకాలు వంగుతదా లేదా అని చూసుకుంటున్న. బాల్ నా దిక్కు వస్తుంటే గోల్ కనిపిస్తలేదు, నా మీదికి ఉరికొచ్చే పిల్ల కాళ్లు కనిపిస్తున్నయి. ఒక మ్యాచ్‌ల అయితే బాల్ నాకు పాస్ చెయ్యకుండ్రి అని మనసుల మొక్కిన. స్ట్రైకర్ మొక్కే మొక్కా గది? ఎవ్వలకు చెప్పాలె? ఇంట్ల చెప్దామంటే నువ్వు యాదికొస్తవు. నేను ఆపితే మామ ఏం చేస్తడు, ఆదివారాలు ఎట్ల గడుపుతడు అనిపించేది. సీజన్ మధ్యల మోకాలు నొస్తున్నదని అమ్మకు ఎందుకు చెప్పిన్నో తెల్సా? అమ్మ నీకు చెప్పాలని, నువ్వు ఆపు అనాలని. నువ్వు వరంగల్ సంది అందుకున్నవు!

సూది సంగతి మాట్లాడినప్పుడు ఉమాశ్రీ డాక్టరమ్మ అడిగింది, "ఎవరి కోసం అఖిలా ఇదంతా?" అని. మా మామ కోసం అన్న. "ఆయన్నోసారి రమ్మనండి, నాలుగు మాటలు చెప్తాను" అన్నది. నీ ఉత్తరం తీసుకపోయి ఆమెకు చదివి ఇనిపిచ్చిన. "ఆయనకి నేను చెప్పేదేం లేదండి" అని సూది పెట్టె మూసేసింది.

మేనేజర్ సార్ దగ్గరికి పోయి, ఇగ ఆడను అని చెప్పిన. ఫైనల్ ఒక్కటే కాదు, మొత్తానికే. ఆయన "బెంచీ మీదన్నా కూసుంటవా, పిల్లలకు ధైర్యంగ ఉంటది" అన్నడు. కూసున్న.

మ్యాచ్ చెప్పుత. నా జాగల నీహారిక. మొదటి సగంల ఏం కాలే. రెండో సగంల బాల్ పట్టుకొని పెనాల్టీ బాక్స్ లోపలికి ఉరుకుతుంటే ఇద్దరు డిఫెండర్లు దగ్గరికొచ్చిన్రు. కాలు అడ్డం పడ్డది. గా పిల్ల గాలిల తిరిగి కిందపడ్డది. నేను చెయ్యి ఎప్పుడు అడ్డం పెట్టుకున్ననో తెల్వదు, నా కండ్లు మూసుకపోయినయి. పక్కనున్న డాక్టరమ్మ చెయ్యి పట్టుకొని, "లేచిందా?" అని అడిగిన. "లేచిందండి" అన్నది. నా నోట్లెకెల్లి గసొంటి అరుపు వచ్చింది చూడు మామా, రెఫరీ తిరిగి చూసిండు. ఒకటే అరుపుకు నా గొంతు గీరుకపోయింది. నువ్వు ఇరవై ఏండ్లు దాన్ని ఎట్ల నడిపిచ్చినవో.

పెనాల్టీ ఇచ్చిన్రు. నీహారికనే పైకి కాకుండ కింది మూలకు కొట్టింది. నేను ఆడకుండనే మేము గెలిచినం. బాధైతదేమో అని కాసేపు నాలోకి నేనే చూసుకున్న. లేదు. పండుగ ఇల్లు సర్దినంక కూసున్నట్టుండె.

పతకాలిచ్చేటప్పుడు నన్ను గూడ పిలిచిన్రు. మైకుల నేను రిటైర్ అవుతున్న అని చెప్పిన్రు. మలయాళంల చెప్పిన్రు, నా పేరొక్కటే సమజైంది. జనం లేచి నిలబడ్డరు. నేను చెయ్యి ఊపిన. మొకంల నవ్వు వచ్చిందో, ఏడుపు వచ్చిందో ఫోటోలు వస్తే తెలుస్తది.

అందరు బస్సు ఎక్కుతుంటే నేను గ్యాలరీల పైకి పోయి కూసున్న. నీ లెక్క. ఎన్నడు ఆడికెల్లి చూడలే గ్రౌండ్‌ను. చాయ్ అమ్మే ముసలామె సామాను సర్దుకుంటున్నది. నా జెర్సీ చూసి ఏదో అడిగింది. ఈరోజు ఆడలేదేంది అని అడిగిందనుకుంట. నాకు వచ్చిన మలయాళం కొంచెమే. "కళింజు" అన్న. అయిపోయింది అని. నేను గా మాటను బయటికి అనుడు గదే మొదలు. మన మాటల అయితే వచ్చెది కాదేమో. ఆమె తల ఊపి, మిగిలిన అరటిపండు బజ్జీ ఒకటి కాయితంల పెట్టి ఇచ్చింది. సల్లారింది, అయినా తియ్యగుండె.

వచ్చే ఆదివారం రైలెక్కుత. ఏం పని చేస్తనో ఇంక తెల్వదు, తొందర పెట్టకుండ్రి. మొదలు కొన్ని దినాలు పండుకుంట. తర్వాత కాలు చూపెట్టుకుందాం. నడక మంచిగైతదని డాక్టరమ్మ గట్టిగ చెప్పింది, ఇప్పుడే ఆపినందుకు.

ఇంకోటి రాయాలె. పోయినేడాది సంది నేను ఎవ్వలు చూస్తున్నా కుంటకుండ నడిచిన. పండ్లు బిగవట్టి నడిచిన. పిల్లలు చూస్తరని, కోచ్ చూస్తరని. మొన్న బజ్జీ తిని, చెయ్యి తుడుచుకొని, గా గ్యాలరీ మెట్లు దిగేటప్పుడు పక్కనున్న ఇనుప కమ్మి పట్టుకున్న. ఒక్కొక్క మెట్టు మీద రెండు కాళ్లు పెట్టి, కుంటుకుంట, నిమ్మలంగ దిగిన. నన్ను ఎతుక్కుంట బస్సు దిగొచ్చిన మా జట్టంత కింద నిలబడి చూస్తున్నది. చూడనీ అనుకున్న.

అఖిల